వెనక సీటులో మొదట కూర్చునే మనిషి

మాచర్ల నుంచి వచ్చిన బస్సు దిగుతూ కండక్టరు ఆ మాట చెప్పాడు. "అద్దాలాయన పోయాడండీ. ఆదివారం పూడ్చారు." నేను టిక్కెట్ల కట్టకు దారం చుడుతున్నాను. తల ఎత్తకుండానే "పీడా పోయింది" అన్నాను. పక్కన నలుగురు విన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదో నాకు అప్పుడు తోచలేదు.

అది జరిగి వారమైంది. ఈ వారంలో నా నెత్తిన పిడుగు పడింది. పీడా పోయింది అన్న నోటితోనే ఇప్పుడు ఆయన సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది.

నరసరావుపేటలో ఆయనది పటాలు కట్టే కొట్టు. దేవుళ్ళ పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయిన పెద్దల ఫోటోలు, మిషను బడి గోడలకు వేలాడదీసే వాక్యాల అట్టలు, అన్నిటికీ అద్దం బిగించేవాడు. క్రైస్తవుడు. ఆదివారం కొట్టు తీసేవాడు కాదు గానీ, శుక్రవారం పూజకు లక్ష్మీదేవి పటం కావాలని ఎవరైనా అడిగితే గురువారం మధ్యాహ్నానికే ఇంటికి చేర్చేవాడు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. రెండు చేతులనిండా పాత కోతల తెల్లటి గీతలు. కళ్ళజోడుకు ఒక కాడ విరిగిపోతే ఆ వైపు దారం కట్టి చెవికి చుట్టుకునేవాడు.

అద్దాన్ని ఆయన ముందు చూసేవాడు కాదు, వినేవాడు. వేలి కణుపుతో మెల్లిగా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇందులో గీతుంది" అనేవాడు. మనం ఎంత వెతికినా ఏ గీతా కనపడేది కాదు. రెండు రోజుల్లో సరిగ్గా అక్కడే చీలేది.

కోసేటప్పుడు ఇంకో తమాషా. గాజు కోసే కలం చేతిలోకి తీసుకుని, చుట్టూ ఉన్నవాళ్ళందరినీ ఒకసారి చూసి, "ఊపిరి బిగబట్టండి" అనేవాడు. ఆయన బిగబట్టడం సరే, మేమెందుకు బిగబట్టాలో ఎవరికీ తెలియదు. అయినా బిగబట్టేవాళ్ళం. ఒకసారి కోర్టు నుంచి నల్లకోటుతో వచ్చిన ప్లీడరుగారు కూడా బుగ్గలు పూరించి నిలబడ్డాడు. కర్రుమని గీత చివరిదాకా వెళ్ళాక "ఇంక వదలండి" అనేవాడు. అందరం ఒక్కసారే వదిలి నవ్వుకునేవాళ్ళం. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు గ్యాసు మీద నడిచేవి. బస్సు వెనక నిలువెత్తు ఇనప పీపా బిగించేవాళ్ళు. అందులో బొగ్గు రాజేసి, పక్కనున్న చక్రం తిప్పి గాలి ఊదితే గ్యాసు పుట్టి, గొట్టం గుండా ఇంజనుకు పోయేది. ఎక్కడైనా బస్సు ఆగితే నిప్పు చల్లారకుండా మళ్ళీ చక్రం తిప్పాలి. ఆ బస్సులకు పక్కల అద్దాలుండేవి కాదు, వానొస్తే దించుకునే గుడ్డ తెరలే. అద్దమంటే ముందొకటి, వెనకొకటి. వెనక అద్దానికీ ఆ పీపాకూ మధ్య జానెడు ఎడం. నేను అప్పుడు ఒకే ఒక్క బస్సున్న ఒక యజమాని దగ్గర ఏజెంటుని. ఆ బస్సు నరసరావుపేట నుంచి కారంపూడి మీదుగా గురజాలకు తిరిగేది.

మా బస్సు వెనక అద్దం మొదటిసారి పగిలినప్పుడు ఆయన్ను పిలిపించాం. సాయంత్రానికల్లా బిగించెయ్యమన్నాడు మా యజమాని. ఆయన వెనక సీటు కింద చతికిలబడి, నేల మీద ముక్కలన్నీ ఏరడం మొదలుపెట్టాడు. అరగంట ఏరాడు. ఏరి, బయట గోనె మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు.

"ఏందయ్యా ఇది? పగిలిన ముక్కలతో నీకేం పని?" అన్నాను విసుగ్గా.

"ఎట్టా పగిలిందో తెలవకుండా కొత్తది పెడితే అదీ అట్టాగే పగులుద్దయ్యా. రాయి తగిలుంటే తగిలినకాడ నుంచి చుట్టూ చీలికలు పోతయ్. ఇది ఈ మూల నుంచి మొదలైంది, చూడండి. మీ చట్రం మెలి తిరిగింది. ముందు వడ్రంగిని పిలిపించండి. ఆ తర్వాత నన్ను పిలవండి."

"పోనీ ఇవ్వాళ్టికి నీ కొట్లో ఉన్న పటం అద్దం పెట్టెయ్యరాదూ?"

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చిన్నపిల్లవాడు నిప్పు పట్టుకోబోతే చూసే చూపు. "లక్ష్మీదేవి గోడ మీద కదలకుండా కూర్చునిద్ది. మీ బస్సు కూర్చునిద్దా? ఈ గతుకుల్లో పటం అద్దం పగిలిందంటే ముక్కలు కత్తుల్లాగా మెడ మీద పడతయ్. నేను పెట్టను."

వడ్రంగి వచ్చాడు. చట్రం సరిచేశాడు. బెజవాడ నుంచి మందపాటి అద్దం వచ్చింది. ఆయన దాని అంచులు నీళ్ళు పోస్తూ సానరాయి మీద పూటంతా అరగదీశాడు. చట్రంలో పాత కంబళి ముక్కలు అతికి, అద్దాన్ని దాని మీద నిలబెట్టి, సుద్దపొడీ అవిసె నూనే కలిపి పిసికిన పుట్టీ చుట్టూ పట్టించాడు. యుద్ధంలో రబ్బరు ఎక్కడిది? పుట్టీ పట్టించాక అద్దం మీద సున్నంతో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఈ గీతలు ఉన్నన్నాళ్ళూ బండి కదలగూడదు. నీళ్ళు తగలగూడదు. మూడో రోజు పొద్దున నేనొచ్చి చుట్టూ చెక్కబద్దలు బిగించి, గీతలు నేనే చెరుపుతా."

"మూడు రోజులా? అద్దమేగదయ్యా! వెనక ఏమొస్తుందో చూడటానికేగా?" అన్నాడు మా యజమాని.

"చూడటానికి కాదయ్యా. వెనకున్నది లోపలికి రాకుండా. కనపడే పొగతో భయం లేదు, దగ్గొచ్చి దిగిపోతారు. ఆ పీపాలోంచి కనపడకుండా ఒకటి వచ్చిద్ది. వాసన కూడా తెలవదు. నిద్ర పుచ్చుద్ది, అంతే. బెజవాడ షెడ్డులో ఇద్దర్ని చూశాను."

మా డ్రైవరు హాస్యగాడు. "మా పీపాకు జోలపాటలు కూడా వచ్చన్నమాట" అన్నాడు. అందరం నవ్వాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

మూడో రోజు పొద్దున్నే వచ్చాడు. అద్దం చుట్టూ చెక్కబద్దలు మేకులతో బిగించాడు. ఒక కొబ్బరి తాడు ముక్క అంటించి, ఆర్పి, దాని పొగను అద్దం చుట్టూ అంగుళం అంగుళం తిప్పి చూశాడు. ఎక్కడా పొగ లోపలికి వంగలేదు. అప్పుడు సున్నపు గీతలు చెరిపి, వెనక సీటు మధ్యలో వీపు అద్దానికి ఆనించి కూర్చున్నాడు. "పోనియ్యండి" అన్నాడు. రెండు మైళ్ళు పోయాక దిగి, పొలాల గట్ల వెంట ఊళ్ళోకి నడిచొచ్చాడు. ఏ బండికి అద్దం పెట్టినా ఇంతేనట. తను బిగించిన అద్దం పక్కన మొదట తను కూర్చోవాలి. ఆ తర్వాతే ఇంకొకరు.

ఇదంతా నాకు తెలుసు. కళ్ళారా చూశాను. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

మరుసటి ఏడు దసరాకు ముందు పీపా వేడికి ఆ అద్దం చిట్లింది. మహర్నవమి ఇంకా రెండు రోజులుంది. మర్నాడు ఆయనే వచ్చి కొత్తది నిలబెట్టి, పుట్టీ పట్టించి, సున్నపు గీతలు గీసి వెళ్ళాడు. నవమి తెల్లవారింది. బస్సుకు ఆయుధపూజ. మామిడాకుల తోరణాలు, బంతిపూలు, గుమ్మడికాయ, అన్నీ సిద్ధం. పూజారి బస్సు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చి ఆగిపోయాడు.

"ఏమిటండీ ఇది? పూజ బండి మీద శిలువ వేయించారు?"

నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. అవును, శిలువలాగే ఉంది. పోయినసారి చూసిన గీతలేనని నాకు గుర్తు రాకపోలేదు. కానీ పదిమందిలో పూజారి ఆ మాట అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. డ్రైవర్ని కేకేసి, బిందెలతో నీళ్ళు కొట్టించి, గుడ్డతో రుద్దించాను. అద్దం తళతళలాడింది. తర్వాత పసుపు రాసి, కుంకుమ తడిపి, అద్దం చుట్టూ నాలుగు మూలలా బొట్లు నేనే పెట్టాను. పుట్టీ మెత్తగా వేలికి తగిలింది. బొట్టు నిలవాలని ఇంకాస్త గట్టిగా అదిమాను.

ఆయన అప్పుడు బస్టాండు పక్కనున్న మా షెడ్డు గేటు దగ్గర ఉన్నాడు. దసరా కదా, చాకలీ మంగలీ వడ్రంగీ అందరూ మామూళ్ళకు వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఈయన తల కాస్త ఎత్తుగా కనపడింది. చెయ్యెత్తి ఏదో అంటున్నాడు. పూజ అయ్యేదాకా లోపలికి రావద్దని సైగ చేశాను. హారతి అయ్యాక నేనే వెళ్ళి ఒక కొబ్బరి చిప్ప, రెండు అరటిపళ్ళు ఆయన చేతిలో పెట్టాను.

"మామూలుకు రాలేదయ్యా. ఆ అద్దం..."

"పండగ పూట అద్దం గోలేందయ్యా నీకు? రేపు రా" అని తిరిగి వచ్చేశాను.

పూజ అయిన బండి ఊరికే నిలబడకూడదని గురజాల ట్రిప్పు వెయ్యమన్నాడు యజమాని. మా చెల్లెలి అత్తవారిల్లు గురజాల. కూతుర్ని చూసొస్తానని అమ్మ నెల రోజులుగా అంటోంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు కూర్చోలేదు. నేను ఏజెంటుని కదా, వెనక సీటంతా ఖాళీ చేయించి, దుప్పటి పరిచి, అద్దం వైపు తల పెట్టుకుని పడుకోమన్నాను. అమ్మ అద్దాన్ని వేలితో తాకి, "కొత్తదిరా, ముఖం కనపడతంది" అంది.

"బోణీ నీదేనమ్మా" అన్నాను గొప్పగా.

బస్సు కదిలింది. అప్పుడు అద్దాలాయన గేటు దగ్గర నుంచి దాని వెనక పరిగెత్తాడు. ఒక చేతిలో కొబ్బరి చిప్ప, ఇంకో చెయ్యి గాలిలో ఊపుతూ, ఆ వంగిన నడుముతో వీధి మలుపుదాకా పరిగెత్తాడు. "చిప్ప చాలలేదు కాబోలు పాపం!" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. దేవుడు నాకిచ్చిన మాటలన్నిటిలో ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోగలిగితే చాలు.

ఆ బస్సులో నేను లేను. డ్రైవరు చెప్పిందే చెబుతున్నాను. కారంపూడికి ఇవతల వాగు పొంగింది. పైన తుంపర. అందరూ గుడ్డ తెరలు దించుకున్నారు. నీళ్ళు తీసేదాకా ఒడ్డునే రెండు గంటలు ఆగారు. నిప్పు చల్లారకుండా వెనక పీపా చక్రం తిప్పుతూనే ఉన్నారు. ముందు సీట్ల వాళ్ళకు తలనొప్పి వచ్చింది, ఇద్దరు వాంతి చేసుకున్నారు. పండగ తిండి పడలేదనుకున్నారు. వాగు దాటాక టిఫిను తింటుందేమోనని డ్రైవరు అమ్మను లేపబోయాడు. లేవలేదు.

బస్సు వెనక్కి తిప్పుకుని వచ్చారు. అమ్మ ముఖం చూసి నేను నమ్మలేదు. నమ్మడం ఎలా? బతికున్నప్పుడు లేనంత కళగా, ఎర్రగా ఉంది ముఖం. ఇప్పుడే నలుగు పెట్టుకుని పోసుకున్నట్టుంది. "నిద్రపోతోంది, అరవకండి" అని అందరినీ కసిరాను. ఆస్పత్రి డాక్టరు వచ్చి బొగ్గు గ్యాసు అని చెప్పాడు. అద్దం కింది మూల వేలు దూరేంత సందు తెరుచుకుని ఉందన్నాడు.

మర్నాడు పొద్దున నేను శ్మశానంలో ఉండగా, పోలీసులు అద్దాలాయన్ని పిలిపించి ఆ అద్దం ఊడదీయించారు. నేను తడిబట్టలతో షెడ్డుకు వచ్చేసరికి ఆయన బస్సు వెనక నిలబడి ఉన్నాడు. పక్కన మా డ్రైవరు. నేను నేరుగా వెళ్ళి ఆయన చెంప మీద కొట్టాను. కళ్ళజోడు ఊడి దారానికి వేలాడింది. బస్టాండంతా చూస్తుండగా, "మా అమ్మను చంపావు గదరా" అని అరిచాను. నా కన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాడు. ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు. పోలీసు వైపు తిరిగి, నాకు వినపడేలా, నిదానంగా చెప్పాడు.

"పుట్టీలో నూనె ఎక్కువ పడింది. గట్టిపడలా. తప్పు నాదే, రాసుకోండి."

అంతే. ఆ మాట తర్వాత ఆయనకు ఊళ్ళో పని లేకుండా పోయింది. బస్సులవాళ్ళు మానేశారు. చంపిన చేత్తో దేవుడి పటమా అని పటాలవాళ్ళూ మానేశారు. ఏడాది తిరక్కుండా కొట్టు మూసి, మాచర్ల మిషను బడిలో పంతులమ్మగా ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు కారంపూడి దాకా పోదామని మా బస్సులోనే ఎక్కాడు. వెనక సీటులో కూర్చోబోతే, "అక్కడ కాదు" అన్నాను. లేచి, దారంతా నిలబడే వెళ్ళాడట.

యుద్ధం అయిపోయింది. పెట్రోలు వచ్చింది, పీపాలు పాత ఇనుములోకి పోయాయి. ఆయన్ని నేను మరిచిపోలేదు. ఏటా అమ్మ తద్దినం నాడు తిట్టుకుంటూనే ఉన్నాను.

మొన్న మధ్యాహ్నం ఆ కూతురు నా గదికి వచ్చింది. తెల్లచీర, వంగిన నడుము, తండ్రి పోలికే. కూర్చోమంటే కూర్చోలేదు. చేసంచిలోంచి ఒక గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పింది. జానెడు పొడుగు పుట్టీ ముక్క. రాయిలాగా గట్టిపడిపోయింది. చివర ఒకచోట లోతుగా నొక్కుకుపోయిన గుంట. ఆ గుంటనిండా వెలిసిన కుంకుమ.

"ఆ అద్దం కింది మూలదండి. ఊడదీసిన రోజు జేబులో వేసుకొచ్చాడు. దీన్ని బావిలో పడెయ్యమని చానాసార్లు అన్నాడు. నేను పడెయ్యలా."

నేను వంగి ఆ గుంట వంక చూశాను.

"ఇది మీకు చూపించొద్దని పోయేముందు కూడా చెప్పాడు. నాయన మాట నేను దాటింది ఇదొక్కటే. ఆరేళ్ళు హంతకుడి కూతురని పిలిపించుకున్నానండీ. మా నాయన చంపలేదని మీకొక్కరికన్నా తెలవాల."

నా బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూశాను. పెట్టకపోయినా తెలుసు. సరిపోయింది. గోటి అంచుతో సహా సరిపోయింది. నేనెంతసేపు ఊపిరి బిగబట్టి ఉన్నానో నాకే తెలియదు.

"నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాను చివరికి.

"నాకేం వొద్దు. ఆ రోజు బస్టాండులో అన్నారుగా. అక్కడే చెప్పండి."

నిన్న పొద్దున గురజాల బస్సు కదిలే వేళకు వెళ్ళాను. కండక్టర్లు, ప్రయాణికులు, కాఫీ హోటలు వాళ్ళు, అందరూ ఉన్నారు. ఆ ముక్క చేత్తో ఎత్తి పట్టుకుని చెప్పాను. "మా అమ్మను చంపింది అద్దాలాయన కాదు. ఆయన గీసిన గీతలు చెరిపింది నేను. ఆరని పుట్టీ అదిమింది ఈ వేలు." గగ్గోలు పుడుతుందనుకున్నాను. రాళ్ళేస్తారనుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక్కడు కూడా ఏమిటీ అని అడగలేదు. హోటలాయన తల దించుకుని గ్లాసులు కడుగుతున్నాడు. ఇద్దరు కండక్టర్లు నా కళ్ళలోకి చూడకుండా పక్కకు జరిగారు.

అప్పుడు మా పాత డ్రైవరు, ఆ రోజు జోలపాటలని హాస్యమాడినవాడు, వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మాకు తెలుసయ్యా" అన్నాడు. "ఆయన ఊరు విడిచాక మనవాళ్ళందరికీ నేనే చెప్పా. నీళ్ళు కొట్టింది నేనేగా. అద్దం ఊడదీసినప్పుడు నీ బొట్టు నేనూ చూశా. నువ్వు శ్మశానం నుంచి రాగానే చెబుదామనుకున్నా. ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తల్లికి కొరివి పెట్టొచ్చే చేతిలో ఇంకో నిప్పెందుకురా, ఇటియ్యి అన్నాడు."